రోహిణి నుంచి ఆరుద్ర దాకా

పక్షులు చూడటానికి మంచి కాలం ఏదని అడిగితే మన దగ్గర చాలామంది చలికాలమే అంటారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చెరువుల నిండా బాతులు ఉంటాయి, ఎక్కడెక్కడి వలస పక్షులో వచ్చి వాలతాయి, ఎండ బాధ ఉండదు. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ఆ అతిథులు వెళ్ళిపోతాయి. వాటితో పాటే చాలా ఇళ్ళలో బైనాక్యులర్లు కూడా బీరువా ఎక్కేస్తాయి, మళ్ళీ దసరా దాటేదాకా దిగవు. ఇది చేతులారా చేసుకుంటున్న నష్టమని నా గట్టి నమ్మకం. ఇక్కడే పుట్టి, ఇక్కడే గూడు కట్టి, ఇక్కడే పిల్లల్ని సాకే జీవుల అసలు బతుకు బయటపడేది వేసవి చివరి వారాల్లోనే. రోహిణి కార్తె ఎండలకూ ఆరుద్ర కార్తె వానలకూ మధ్య ఉన్న ఆ ఆరు వారాల్లో పక్షి, పురుగు, మొక్క ఒకదాని మీద ఒకటి ఎంతగా ఆధారపడ్డాయో కళ్ళారా చూడొచ్చు.

జీతం, బిరుదు ఏవీ ఆశించకుండా ఆ రోజుల్లో చూసింది చూసినట్టు రాసిపెట్టే మనుషులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాళ్ళు చేసే పని ఏమిటో, ఎలా చేస్తారో, దాని విలువ ఎంతో తెలిస్తే ఇంకొందరు ఆ బాట పడతారన్న ఆశతోనే ఇది రాస్తున్నాను.

కార్తెల లెక్క

మన రైతులు ఈ కాలాన్ని కార్తెలతో లెక్కపెట్టారు. మే 25 ప్రాంతంలో రోహిణి వస్తుంది. రోళ్ళు పగిలే ఎండలని దానికి పేరు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది, గాలి నైరుతికి తిరుగుతుంది, ముంగిళ్ళు చల్లబడతాయంటారు. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర మొదలవుతుంది. తొలి వానలు పడగానే చేలగట్ల మీద ఎర్రటి మఖమల్ ముక్కలకు కాళ్ళొచ్చినట్టు ఆరుద్ర పురుగులు పాకుతాయి. అవి కనిపిస్తే అదును దగ్గరపడిందని రైతులు సంబరపడేవారు.

ఈ పురుగు అసలు కీటకమే కాదు. కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది ఉంటాయి, అంటే సాలీడుకు దగ్గరి చుట్టం. ఏడాదిలో ఎక్కువ కాలం నేలలోపలే ఉండి, తొలకరికి పైకి వచ్చి తిరుగుతుంది. చిన్నప్పుడు మిడతల్లాంటి కీటకాల ఒంటిని పట్టుకుని బతుకుతుంది, పెద్దయ్యాక చెదపురుగుల్ని, కీటకాల గుడ్లను తింటుంది. పొలానికి ఇంత మేలు చేసే జీవిని నాటు మందుల కోసం ఏరి అమ్ముకోవడం కూడా ఉంది. ఒకప్పుడు గట్టు పొడుగునా ఎర్రగా కనిపించేవని, ఇప్పుడు వెతికితే తప్ప దొరకడం లేదని చాలా ఊళ్ళలో పెద్దవాళ్ళు చెబుతారు. ఆ మాటను నేను నమ్ముతాను. కానీ ఏ ఊళ్ళో, ఏ ఏడు, ఎన్ని కనిపించాయో రాసినవాళ్ళు లేరు. అందుకే ఎంత తగ్గాయన్న ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతున్నాం. చూసే కన్ను మనకు తరతరాలుగా ఉంది, రాసే అలవాటే లోపించింది. ఔత్సాహికులు పూడుస్తున్నది ఆ లోటునే.

ముందు నడిచినవాళ్ళు

తెలుగునేల మీద పక్షుల్ని చూసి రాసే పని కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు థామస్ జెర్డాన్ నెల్లూరులో ఉద్యోగం చేస్తూ ఈ ప్రాంతపు పక్షుల్ని వెతికి వెతికి నమోదు చేశాడు. 1862 నుంచి వెలువడిన ఆయన పక్షుల గ్రంథంలో ఎన్నో పక్షులకు తెలుగు పేర్లు ఉన్నాయి. ఆ పేర్లు ఆయనకు చెప్పింది ఇక్కడి వేటగాళ్ళు, పల్లె జనం. అడవిలో ఏ పక్షి ఎక్కడ తిరుగుతుందో, ఎప్పుడు పలుకుతుందో వాళ్ళకు తెలుసు. కాగితం మీద పెట్టింది ఆయన.

ఆ జ్ఞానం ఎంత గట్టిదో కలివికోడి కథ చెబుతుంది. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పక్షి 1900 తర్వాత శాస్త్రవేత్తల కంట పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు కడప జిల్లాలో అది మళ్ళీ దొరికింది. రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నది ఒక స్థానికుడు. పుస్తకాల్లో లేకుండా పోయిన పక్షి ఊరి మనిషి ఎరుకలో ఉంది.

1931–32లో సాలిం అలీ హైదరాబాద్ రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. ఏ పక్షి ఏ ఊరి దగ్గర, ఏ తేదీన కనిపించిందో వివరంగా రాశాడు. ఈనాడు తెలంగాణ పక్షుల గురించి ఎవరు మాట్లాడాలన్నా ఆ సర్వే దగ్గర మొదలుపెట్టాల్సిందే. 1980లో హైదరాబాదులో పక్షి ప్రేమికులు ఒక సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడది దక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాల చుట్టూ ఉన్న లోయను 1991లో పక్షుల ఆశ్రయంగా ప్రకటించుకుని, పిల్లలకు పాఠాలతో పాటు పక్షుల్ని చూడటం కూడా నేర్పారు.

చూసే తీరు

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు అడిగేది ఏ కెమెరా కొనాలని. కెమెరా తర్వాత సంగతి. ముందు ఒక చోటు ఎంచుకోవాలి. ఊరి చెరువు గట్టు, కాలేజీ ఆవరణ, కాలనీ వెనక ఖాళీ స్థలం, ఏదైనా సరే, నడిచి వెళ్ళగలిగినంత దగ్గర ఉండాలి. ఏడాదికోసారి దూరపు అడవికి వెళ్ళి చూసేదానికంటే వారం వారం ఒకే చోటికి వెళ్ళి చూసేదే ఎక్కువ నేర్పుతుంది. వేసవిలో తెల్లవారుజామున అయిదున్నరకల్లా అక్కడ ఉండాలి. ఎనిమిది దాటితే పక్షులు నీడలోకి జారుకుంటాయి, మళ్ళీ సాయంత్రం అయిదు తర్వాతే బయటపడతాయి.

చేరగానే నడక మొదలుపెట్టకూడదు. అయిదు నిమిషాలు కదలకుండా నిలబడితే, మన రాకతో బెదిరి సద్దుమణిగిన చోటు మళ్ళీ మామూలవుతుంది. మొదట చెవికి పని చెప్పాలి. ఆకుల మాటున కనిపించని వాటిని కూత పట్టిస్తుంది. ఈ కాలంలో చాలా పక్షులు జత కోసం, హద్దుల కోసం గొంతెత్తుతాయి కాబట్టి చెవికి ఇంతకంటే మంచి బడి లేదు.

తెలియని పక్షి కనిపిస్తే రంగు చూసి పుస్తకం తిరగేయడం అందరూ చేసే పని. అనుభవజ్ఞులు ముందు సైజు చూస్తారు. పిచ్చుకంత ఉందా, పిగిలిపిట్టంతా, గోరువంకంతా, కాకంతా? తర్వాత ముక్కు పొట్టిదా పొడుగుదా, తోక చీలి ఉందా, నేల మీద గెంతుతోందా నడుస్తోందా, ఎగిరి వెళ్ళి పురుగును పట్టుకుని మళ్ళీ అదే కొమ్మకు వస్తోందా అని చూస్తారు. ఎండ పడిన కోణాన్ని బట్టి రంగు మారి కనిపిస్తుంది. నడవడిక అలా మోసం చేయదు.

రాసేటప్పుడు తేదీ, సమయం, చోటు, ఎంతసేపు చూశారు, ఎండా వానా, ఏ జాతివి ఎన్ని, ఏం చేస్తున్నాయి అన్నవి తప్పకుండా ఉండాలి. ఇంటికి వెళ్ళాక గుర్తు చేసుకుని రాస్తే లెక్క తప్పుతుంది, అక్కడికక్కడే రాయాలి. పెద్ద గుంపు ఎదురైతే ముందు పది పక్షుల్ని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో చూసి, అలాంటివి ఎన్ని ఉన్నాయో అంచనా కట్టాలి.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. కనిపించిన ప్రతి జాతినీ రాయాలి. కాకిని, గోరువంకను, పావురాన్ని కూడా. అరుదైనవి మాత్రమే రాసేవాళ్ళ పుస్తకంలో కాకి లేకపోతే అక్కడ కాకి లేదని అర్థమా, రాయలేదని అర్థమా తెలియదు. అన్నీ రాసేవాళ్ళ పుస్తకంలో ఒక పేరు వరసగా కనిపించడం మానేస్తే ఆ లేకపోవడం కూడా సమాచారమే. మన పల్లెల్లో, పట్నాల్లో మామూలు పక్షులు తగ్గుతున్న సంగతి ఇలాంటి జాబితాల వల్లే బయటపడుతుంది.

తీతువు గుడ్లు, గిజిగాడి గూడు

రోహిణి ఎండలో చూడదగ్గ పక్షి తీతువు. రాత్రిపూట దాని కూత వింటే అశుభమని మనవాళ్ళు భయపడతారు. ఒక్క మధ్యాహ్నం దూరం నుంచి దాని సంసారం చూస్తే ఆ భయం గౌరవంగా మారుతుంది. గూడు అంటూ కట్టదు. గట్టి నేల మీద చిన్న గుంట, అంచున కొన్ని గులకరాళ్ళు, మధ్యలో మామూలుగా నాలుగు గుడ్లు. మట్టి రంగు మీద నల్ల మచ్చలతో ఉంటాయి కాబట్టి పక్కనే నిలబడినా కంటికి ఆనవు. మామూలుగా పొదగడమంటే గుడ్లకు వెచ్చదనం ఇవ్వడం. మిట్టమధ్యాహ్నం నేల మండుతున్నప్పుడు తీతువు చేసేది గుడ్ల మీద నీడ పట్టడం. మధ్యమధ్య దగ్గరలోని నీటికి వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. కుక్కో మనిషో దగ్గరికి వస్తే కీచుగా అరుస్తూ వేరే దిక్కుకు దారి మళ్ళిస్తుంది. సుమారు నాలుగు వారాల తర్వాత పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని వచ్చి, కాసేపటికే కాళ్ళ మీద నిలబడి తల్లి వెంట పరుగెత్తుతాయి.

మృగశిర దాటి గాలిలో తేమ పెరిగేసరికి గిజిగాళ్ళు పనిలోకి దిగుతాయి. బావి మీదికి వంగిన తుమ్మకొమ్మలో, ఈత చెట్టో, తాడి ఆకుల చివరో వాటికి ఇష్టం. తల మీద పసుపు పూసుకున్న మగపక్షి ఈత ఆకు అంచును ముక్కుతో కొరికి, ఎగురుతూ లాగి, పొడుగాటి పీచు తీస్తుంది. ముందు ఒక వలయం అల్లుతుంది. దాని మీద తలపాగా ఆకారంలో సగం గూడు కడుతుంది. అక్కడితో ఆగి, రెక్కలు ఆడిస్తూ ఆడపక్షుల్ని పిలుస్తుంది. ఆడది వచ్చి లోపల దూరి, ముక్కుతో లాగి చూసి, నచ్చితేనే ఉంటుంది. ఆ తర్వాతే మగది గొట్టంలాంటి ద్వారం అల్లి గూడు పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడిపోతుంది. గూళ్ళు ఏ దిక్కుకు ఉన్నాయి, సగం కట్టి వదిలేసినవి ఎన్ని, పూర్తయినవి ఎన్ని అని ఏటా లెక్కపెట్టడం బడిపిల్లలు కూడా చేయగల పని. అది నిజమైన పరిశోధనే.

గింజలు తిని బతికే గిజిగాడు కూడా పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగుల్నే. గింజలు తినే పక్షి సంతానం కూడా పురుగుల మీద ఆధారపడిందంటే, కీటకాల్ని పక్కనపెట్టి పక్షుల్ని మాత్రమే చూడటం కుదరదని తేలిపోతుంది.

పురుగుల పండగ

తొలి గట్టి వాన కురిసిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి. అవి రెక్కలొచ్చిన చెదపురుగులు. ఏడాదంతా చీకట్లో బతికిన జాతి ఆ ఒక్క పూట ఆకాశంలోకి వస్తుంది. ఏట్రింతలు, పసరిక పిట్టలు, గోరువంకలు, కాకులు, చివరికి గద్దలు కూడా గాలిలోనే విందు చేసుకుంటాయి. గోడ మీద బల్లి, గడప దగ్గర కప్ప తమ వంతు తీసుకుంటాయి. చాలా పల్లెల్లో మనుషులు కూడా వీటిని పట్టి వేయించుకుని తింటారు. ఇన్ని నోళ్ళు తప్పించుకుని నేలకు దిగిన జంటలు రెక్కలు రాల్చుకుని మట్టిలోకి దూరి కొత్త పుట్టకు పునాది వేస్తాయి. ఏ తేదీన లేచాయి, ఎంత వాన తర్వాత లేచాయి, ఏయే పక్షులు వచ్చాయి అని ఒక పేజీ రాసిపెట్టుకుంటే ఏళ్ళ తరబడి పోల్చి చూసుకోవచ్చు.

రాత్రి పురుగుల్ని చూసే పద్ధతి చాలా సులువు. డాబా మీద తాడు కట్టి తెల్ల దుప్పటి వేలాడదీసి, దాని ముందు ఒక బల్బు వెలిగించాలి. ఉక్కపోతగా, గాలి లేకుండా, వెన్నెల లేకుండా ఉన్న రాత్రి మంచిది. అమావాస్య దగ్గరి రోజులైతే మరీ మంచిది. గంట తిరగకుండానే రాత్రి ఎగిరే మాత్‌లు, పేడపురుగులు, మిడతలు దుప్పటి మీద వాలతాయి. సీతాకోకచిలుకలకు చుట్టాలైన ఈ మాత్‌ల కోసం ఏటా జూలై చివరి వారంలో ప్రపంచమంతా ఔత్సాహికులు ఇలా దుప్పట్లు కట్టి కూర్చుంటారు. 2012లో అమెరికాలో మొదలైన ఈ వాడుక మన దేశంలోనూ పాకింది. వెలుతురుకు రాని జాతుల కోసం మగ్గిన అరటిపండు, బెల్లం కలిపి చెట్టు మానుకు పూస్తారు. చూడటం అయ్యాక దీపం ఆర్పేసి, పురుగుల్ని దుప్పటి మీంచి నెమ్మదిగా చెట్ల వైపు దులపాలి. లేకపోతే తెల్లారేసరికి అవన్నీ పక్షుల పాలవుతాయి.

పగటి సీతాకోకచిలుకల కోసం పువ్వుల వెంట పడేకంటే వాటి పిల్లలు తినే మొక్కలు తెలుసుకోవడం మేలు. జిల్లేడు ఆకు తిప్పి చూస్తే ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు ఉంటుంది. రేల, తంగేడు జాతి మొక్కల మీద పసుపు, తెలుపు రెక్కల ఎమిగ్రెంట్లు గుడ్లు పెడతాయి. ఇంట్లో కరివేపాకు మొక్క చాలు. దాని లేత ఆకు మీద పక్షి రెట్టలా కనిపించే చిన్న పురుగు కామన్ మోర్మన్ లేదా లైమ్ బటర్‌ఫ్లై పిల్ల కావచ్చు. పెరిగి పెద్దయ్యాక అది ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి ఎర్రటి చీలిన కొమ్ము బయటికి పెట్టి ఘాటైన వాసన వదులుతుంది. చీమలు, పిట్టలు దూరంగా పోవడానికి ఆ ఏర్పాటు. మందు కొట్టకుండా ఆ రెండు రెమ్మలు వదిలేస్తే కొన్ని వారాల్లో పెరట్లోనే ఒక సీతాకోకచిలుక రెక్క విప్పడం చూడొచ్చు.

రాసినదాని విలువ

చాతక పక్షి వానచినుకు కోసమే ఎదురుచూస్తుందని మన సాహిత్యమంతా చెప్పింది. అది దక్షిణాదిలో ఏడాది పొడుగునా ఉండేది కొంత, ఆఫ్రికా నుంచి అరేబియా సముద్రం దాటి నైరుతి గాలులతో మధ్య, ఉత్తర భారతానికి వచ్చేది కొంత. ఎక్కడ ఏ తేదీన మొదట కనిపించిందో చెప్పగలిగేది ఊరూరా ఉన్న పరిశీలకులే. 2007లో మైగ్రెంట్‌వాచ్ పేరుతో వలస పక్షుల రాకపోకల తేదీలు పోగుచేసే పని మొదలయ్యాక చాతకం రాకను నమోదు చేసింది ఇలాంటి మామూలు మనుషులే.

రాసిపెట్టిన సమాచారం తప్పుడు మాటల్ని కూడా సరిదిద్దుతుంది. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి గ్రామానికి ఏటా తొలకరితో ఓపెన్‌బిల్ కొంగలు వచ్చి ఇళ్ళ మధ్య చెట్ల మీద గూళ్ళు కడతాయి. వాటి రాక వానకు శుభసూచన అని ఊరివాళ్ళు నమ్ముతారు, కంటికి రెప్పలా కాపాడతారు. పత్రికల్లో మాత్రం ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఏటా రాస్తూనే ఉంటారు. ముక్కు మధ్య సందు ఉండే, నత్తల్ని తినే ఈ కొంగ దక్షిణ, ఆగ్నేయ ఆసియాకు చెందినది, సైబీరియాలో ఉండదు. ఊరివాళ్ళ ప్రేమ నిజం, పరదేశం కథ అబద్ధం. ఎక్కడ చూశారు, ఎప్పుడు చూశారు అన్న లెక్కలు ఉంటేనే ఆ రెండిటినీ విడదీయగలం.

ఈ లెక్కలన్నీ ఒకచోట చేరితే ఎంత బలమో 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక చూపించింది. 30,000 మందికి పైగా పరిశీలకులు ఇచ్చిన సుమారు 3 కోట్ల నమోదుల ఆధారంగా 942 జాతుల పరిస్థితిని అందులో అంచనా వేశారు. దీర్ఘకాలిక మార్పును లెక్కించగలిగిన 338 జాతుల్లో 60 శాతం తగ్గుముఖం పట్టాయి. పురుగులు తిని బతికే పక్షులు వేగంగా తగ్గుతున్న వాటిలో ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట పరిస్థితిని అంతర్జాతీయ స్థాయిలో మళ్ళీ సమీక్షించాలని ఆ నివేదిక కోరింది. దసరా నాడు దర్శనం కోసం పాలపిట్టను వెతుకుతాం. అది మోడువారిన చెట్టు తొర్రలో పిల్లల్ని పెంచేది ఎండాకాలంలోనే. ఆ తొర్రలూ, పొలంలోని పురుగులూ మిగిలితేనే పండక్కి పాలపిట్ట ఉంటుంది.

కొన్ని హద్దులు

ఈ అలవాటుకు మర్యాదలు కూడా ఉన్నాయి. గూటి దగ్గరికి వెళ్ళకూడదు. ఫొటో కోసం అడ్డొచ్చిన కొమ్మ విరవకూడదు, గూటికి ఎండ తగిలినా చాలు, పిల్లలు చచ్చిపోతాయి. ఫోనులో కూత వినిపించి పక్షిని రప్పించకూడదు. అరుదైన పక్షి గూడు ఎక్కడుందో నలుగురికీ చాటకూడదు, ఆ మాట వేటగాడి చెవిన కూడా పడుతుంది. తెలియని పురుగును చంపి చూడాల్సిన అవసరం ఇప్పుడు లేదు, మంచి ఫొటో సరిపోతుంది. గుర్తుపట్టలేకపోతే తెలియదనే రాయాలి. ఊహించి రాసిన ఒక్క పేరు మిగతా పేజీని కూడా అనుమానంలో పడేస్తుంది.

ఈబర్డ్, ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లలో మీ జాబితాలు చేరిస్తే అవి దేశం మొత్తం లెక్కలో కలుస్తాయి. యాప్ వద్దనుకుంటే నలభై పేజీల నోటుపుస్తకం చాలు. మీ ఊళ్ళో పక్షికి, పురుగుకు ఏ పేరుందో పెద్దల్ని అడిగి అది కూడా రాయండి. ఏ కార్తెలో ఏది కనిపించేదో, ఇప్పుడేమైందో వాళ్ళు చెప్పింది తేదీతో సహా రాయండి. వాళ్ళు ఉన్నప్పుడే అడగాలి.

ఈసారి రోహిణి వచ్చినప్పుడు బైనాక్యులర్లు లోపల పెట్టకండి. ఇంటికి దగ్గర్లో ఒక చోటు ఎంచుకోండి, పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి, కాకితో సహా కనిపించినవన్నీ రాయండి. పదేళ్ళ తర్వాత మీ ఊరి జీవుల గురించి ఎవరికైనా నిజం తెలియాల్సి వస్తే మీ పుస్తకమే సాక్ష్యం.